ఓజోన్ పెట్టిన గంట

సిద్దిపేటలో ఒక కిరాయి ఇల్లు. వైరల్ జ్వరాల కాలం కావడంతో, అతను గదుల్లో వైరస్‌ను చంపే ఓజోన్ మిషన్ పట్టుకుని బడులూ దుకాణాలూ తిరిగి అప్పుడే వచ్చాడు. భార్య కంచం పెట్టింది.

“జరంతే పెట్టు. ఆకలైతలేదు.”

“ఏడ తిన్నవ్?”

“త్రివేణి టీచర్ బడికాడ. సర్వపిండి పెట్టింది.”

“మొన్ననే పోతివి కదా? మళ్ళేంది?”

“పిల్లలకు జ్వరాలు తగ్గుతలేవట. గదులల్ల వైరస్ సావాలె గదా.”

“మిషన్ నడుస్తుంటే లోపల మనుషులుండొద్దంటివి?”

“లోపలెందుకుంటమే? దగ్గొస్తది. తలుపులేసి బయట కూసుంటం. వాసన పోయేదాక గంట పడ్తది.”

“కూసుంటమా? ఆమె గూడనా?”

“తాళంచెవి ఆమెకాడనే ఉండె. ఏడికి పోతది?”

“గంటసేపు ఏం ముచ్చట్లో!”

“ఏముంటయ్? ఆమె తమ్ముని పెండ్లి, నా చిన్నప్పటి సంగతులు...”

కూర వడ్డించబోయిన ఆమె ఆగిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతని చిన్నప్పటి సంగతి ఒక్కటీ ఆమెకు తెలియదు.

“నాకెన్నడన్న చెప్పినవా?”

“నువ్వెన్నడు కూసున్నవే? ఎప్పుడు సూడు పొయ్యికాడనే ఉంటివి.”

ఆమె స్టవ్ ఆర్పేసి, మూలనున్న మిషన్ తెచ్చి అతని ముందు పెట్టింది.

“మనింట్ల పెట్టు.”

“మనకెవలికున్నదే జ్వరం?”

“టీచరమ్మ అడిగితే పెడ్తవ్, నేనడిగితే పెట్టవా? తలుపులెయ్యి. బయట కూసుందాం. కంచం గూడ ఆడికే తెస్త.”

“ఆకలి లేదంటి గదనే!”

“ముచ్చట పెడ్తుంటే అయితది. ఆడ అయింది గదా!”