దొరకనివాడి దరఖాస్తు

దక్షిణాఫ్రికా దక్షిణ తీరంలో, నది కొండను కోసుకుంటూ వచ్చి సముద్రంలో పడేచోట, వేలాడే వంతెన దాటి దిగారిద్దరూ: పార్కు ఉద్యోగిని రోస్లిన్, ఊళ్లోని ముసలి జాలరి గావీ. ఆమె చేతిలో అతని దరఖాస్తు. అతని చేతులు ఖాళీ.

"...అది కాదు బాబాయ్. ఈ రాతి మీద మీరు చేపలు పట్టేవారని ఊరందరికీ తెలుసు. కాగితానికి తెలియాలిగా."

"కాగితాన్ని ఇక్కడిదాకా తెచ్చావు. రాతిని చూపించు దానికి."

"వేళాకోళం కాదు. పార్కు వచ్చాక ఇక్కడ చేపలు పట్టడం నిషేధం. ఇప్పుడు మళ్లీ అనుమతిస్తున్నారు, కానీ పాతకాలం నుంచీ ఇక్కడ పట్టినవాళ్లేనని రుజువుంటేనే. ఇవాళ నాలుగింటికి ఫైలు మూసేస్తారు."

"రుజువంటే?"

"ఫోటో."

"చేపలు పడుతూ ఫోటో ఎవడు దిగుతాడే? అదిగో, వంతెన మీద ఆ టోపీల టూరిస్టులు దిగుతారు. ఒక్క చేప పట్టకుండా నలభై ఫోటోలు."

"పోనీ పార్కు మనిషెవరైనా కళ్లారా చూసిన సాక్ష్యం. అదీ లేకపోతే జరిమానా చీటీ."

"దొంగచాటుగా పడుతూ దొరికితే రాసిచ్చేవాళ్లు, అదా?"

"అదే. తేదీ, రాతి పేరు, చేప పేరు, కింద ముద్ర. అంతకన్నా గట్టి రుజువేముంది? పీట్ బాబాయికి దాంతోనే వచ్చింది."

"పీట్‌కా! వాడికి ఎర గుచ్చడమే రాదు. గాలం వేస్తే వాడి చొక్కాకే తగులుకునేది."

"అందుకే ఏడుసార్లు దొరికాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే."

"నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారీ దొరకలేదు."

"అదే వచ్చిన చిక్కు."

"బాగుంది. చేతకానివాడికి హక్కు. చేతనైనవాడికి దండం."

"రూలు నేను రాశానా? అయినా ఈ వయసులో ఎందుకు మీకివన్నీ?"

"ఈ మోకాళ్లు ఇంకో రెండేళ్లు ఈ మెట్లు దిగుతాయేమో. ఆ రెండేళ్లూ పట్టపగలు, గాలం భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా దిగుదామని. అంతే."

"మరి ఒక్కసారైనా... అసలు దొరక్కుండా ఎలా ఉన్నారు? అప్పట్లో ఈ తీరానికి కాపలా మా నాన్నే. ఆయనవి గద్ద కళ్లు."

"గద్ద కళ్లే. పాపం మీ నాన్న ఐవన్."

"మరి?"

"పొగమంచు ఉండేది."

"ముప్పై ఏళ్లా?"

"అలలు కూడా పెద్దవి."

"బాబాయ్!"

"మీ నాన్న ఈల వేసేవాడు, గుర్తుందా?"

"ఎందుకు లేదు? పై మెట్టు మీద కాలు పెట్టగానే కీర్తన. ఎప్పుడూ అదే. ఇంట్లో ఒక్కనాడూ వేయలేదు, చర్చిలో అసలు నోరే విప్పేవాడు కాదు. ఆయన భక్తంతా ఈ కొండల్లోనే అనేది అమ్మ."

"భక్తే. మూడు చరణాలు. మూడోది అయ్యేసరికి వంతెన దాటేవాడు. ఈలోగా గాలం చుట్టుకోవడానికి..."

"ఎవరు చుట్టుకోవడానికి?"

"ఎవరూ లేదు."

"చూడండి, మా నాన్న ఉద్యోగంలో ఒక్క మచ్చ లేదు. ఆఫీసు గోడ మీద ఆయన ఫోటో ఉంది. ఆయన పేరు ఇందులోకి లాగకండి."

"లాగనులే. రాసేసుకో, రుజువు లేదని."

"రాసేస్తున్నా మరి."

"రాసెయ్. ఇవాళ శుక్రవారం కదూ? ఇంట్లో చేపలేనా?"

"ఇంకెక్కడి చేపలు? నాన్నతోనే పోయాయి. శుక్రవారం వస్తే ఆ నల్ల చేప తెచ్చేవాడు, కొవ్వు పట్టినది. నిప్పుల మీద కాలుస్తుంటే వీధి చివరిదాకా వాసన. ఆయనకి గాలం వేయడం రాదు. ఎక్కడ కొనేవాడో ఏమో!"

"నల్ల చేప అమ్మడం నేరం తల్లీ. ఈ తీరంలో ఎక్కడా అమ్మరు. నీకు తెలీదా, పార్కులో పనిచేస్తూ?"

"తెలుసు. అంటే నాన్న తెచ్చిన ఆ చేపలు..."

"పెన్ను ఆగిందేం?"

"బాబాయ్..."

"రుజువు లేదన్న మాట కొట్టెయ్. సాక్షి అన్నచోట నీ పేరు రాసుకో. పన్నెండేళ్లు నేను పట్టిందే తిన్నావు."