వచ్చినట్టు భావించండి

ఏదీ, ఆ ఫోను ఇటు పట్టుకో, కళ్లజోడు పెట్టుకోనీ. అబ్బో, నీ పెళ్లి పిలుపులో పూలు రాలుతున్నాయే! పాట కూడానా? ముందు దాని నోరు నొక్కు తల్లీ. ఊఁ... 'ఇదే మా వ్యక్తిగత ఆహ్వానంగా భావించి...' ఓరి దీని దుంపతెగ, ఈ ముక్క ఇంకా చావలేదా! కార్డు పోయింది, కవరు పోయింది, ఇది మాత్రం ఫోనులోకి కూడా దూరింది. నవ్వకు, ఈ ముక్కవల్లే నా పెళ్లి ఆగిపోబోయింది. మీ తాతకూ నాకూ మేనమామ ఒకాయన ఉండేవాడులే, అమ్మకు సొంత అన్న. నువ్వు చూడలేదు, మీ నాన్న పుట్టకముందే పోయాడు. మా వీధి చివరే టైలరు కొట్టు. అందరూ అలకల టైలరనేవాళ్లు. తలుపు బార్లా తీసున్నా సరే, 'రా' అని ఎవరో ఒకరు అనేదాకా గడప దాటేవాడు కాదు. వానలో తడుస్తూ కూడా అంతే. కాఫీ ఇచ్చి 'తాగు' అనకపోతే, అది చల్లారిపోయేదాకా దానివంక చూస్తూ కూర్చునేవాడు. అలా ఎన్ని గ్లాసులు పారబోశామో!

ఏం చెబుతున్నా? ఆ, పెళ్లి. అప్పట్లో అచ్చు కార్డులే మాకు కొత్త. మా నాన్నకేమో ఇల్లిల్లూ తిరిగి పిలవాలంటే ఒళ్లు బద్ధకం. 'అచ్చులో అంత ముద్దుగా వేయించాక మళ్లీ నోటితో ఎందుకే?' అని అందరికీ పోస్టులో పడేశాడు. వీధి చివర ఉన్న తన బావగారికి, అదే మా మామయ్యకు కూడా! ఇంకేముంది, అదే కార్డు అదే పోస్టులో తిరిగొచ్చింది. వెనకాల మామయ్య రాత: 'దీన్నే నా రాకగా భావించి సంతోషించగలరు.' నాన్న ఒంటికాలి మీద లేచాడు. 'ఎంత వెటకారం! రాకపోతే మానె!' అన్నాడు. అమ్మేం తక్కువ తిందా? 'మా అన్నయ్య రాని పెళ్లికి నేనూ రాను, వచ్చానని భావించుకోండి' అని గదిలోకి పోయి గడియ పెట్టేసుకుంది. పెళ్లి రోజు పొద్దున కూడా తీయలేదు. పైగా నా పెళ్లి కోటు మామయ్య దగ్గరే ఉండిపోయింది. మీ తాతను పంపితే, 'వేసుకున్నట్టు భావించమను వాణ్ని' అని గుమ్మంలోంచే తరిమాడట.

ఇక లాభం లేదని నేనే పరిగెత్తాను, పెళ్లికొడుకుని, గుండీలు పెట్టుకుంటూ. కొట్టు తలుపు ఓరగా వేసుంది. తొంగి చూస్తే ఏముంది, ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, నున్నగా దువ్విన తల, ఒళ్లో నా కోటు. మిషను పక్కన స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు మహానుభావుడు. నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. 'మామయ్యా, నా పెళ్లికి రా' అన్నా. 'ఏంటీ? సరిగా వినపడలేదు' అన్నాడు. వీధంతా వినేలా మళ్లీ అరిచాను. అప్పుడు లేచాడు. 'ఈ మాట అనడానికి మీ నాన్న నోరేమైనా అరిగిపోతుందట్రా? కూర్చుని కూర్చుని నా ప్యాంటు మడతలు నలిగిపోయాయి' అని నన్నే తిడుతూ కోటు తొడిగి, నాకన్నా ముందు నడిచాడు. ఆయన గొంతు వినపడగానే అమ్మ గడియ తీసింది. ఇక చూడు, పెళ్లికొచ్చిన వాళ్లనల్లా గుమ్మంలో నిలబడి 'రండి రండి' అన్నదీ ఆయనే, భోజనాల దగ్గర 'తినండి' అని ప్రాణం తీసిందీ ఆయనే. ఒక్కర్ని వదిలితే ఒట్టు! ఆయన పోయాక మా ఇంట్లో అలా పిలిచేవాళ్లే లేకుండా పోయారు. నాకు ఇప్పటికీ దిగులే.

అదేంటి, కింద ఏవో బొత్తాలున్నాయి? 'వస్తున్నాం', 'రాలేం', 'ఇంకా తేల్చలేదు'. మామయ్యుంటే ఇంకోటి పెట్టమనేవాడు, 'పిలిచి చూడండి' అని. నాది ఏది నొక్కాలంటావా? నాకు అలకేంటి, చోద్యం కాకపోతే! ఫోనుకి వచ్చిందిగా, భావించుకుంటాలే. ఆగాగు, అప్పుడే నొక్కకు. ఆ ఫోను పక్కన పెట్టు. ఊఁ? ఏంటీ? సరిగా వినపడలేదు. ... ఆ. ఇప్పుడు నొక్కు. నొక్కేసి, ఆ వీధి మలుపులో ఇస్త్రీ అతను వెళ్లిపోతాడేమో, పరిగెత్తి నా చొక్కా పట్రా. పొద్దున్నే ఇచ్చాను.