బార్లీ మాత్రం మనదే

లేదంటే లేదని చెప్పమ్మాయ్, నేనేం అనుకోను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంటే నేనెలా తినేది? ఇదిగో, ఈ అట్ట మీద చూడు, చీమ తలకాయంత అక్షరాలు. గోధుమ ఆనవాళ్ళు ఉండవచ్చును, అని రాశాడు. ఆనవాళ్ళట. దొంగలు పడ్డ ఇల్లా ఇది, ఆనవాళ్ళు దొరకడానికి?

మూడు రోజుల ముందే ఆర్డరు పెట్టాలా? గ్లూటెన్, అదే ఆ గోధుమ జిగురు, లేని శాండ్‌విచ్‌కి? సరేలే, రైలు క్యాంటీన్ రూల్ నువ్వు పెట్టావా ఏంటి. మూడు రోజుల ముందు నేనీ రైలెక్కుతానని నాకే తెలియదు. నిన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది, ఇవాళ పొద్దున్నే బస్సు పట్టుకుని ఓస్టెర్‌సుండ్‌కి వచ్చి ఇందులో కూర్చున్నాను.

వద్దొద్దు, ఆ మాంసపు ఉండలు వద్దు. వాటిల్లో రొట్టెపొడి కలుపుతారు. పైన పోసే సాసులో కూడా పిండి ఉంటుంది. ఆ రెయిన్‌డీర్ మాంసం చుట్టిన రొట్టె ఉందే, అసలు దాన్ని నా కంటికి కూడా చూపించకు. ఆ ఆపిల్ ఇస్తావా? ఇవ్వు. ఆగాగు, ఆ పట్టకారుతో కాదు. ఇందాక దాంతోనే ఆ పెద్దాయనకి దాల్చినచెక్క బన్ను తీసిచ్చావు, నేను చూస్తూనే ఉన్నాను. కోపం తెచ్చుకోకు తల్లీ. తెలియనివాళ్ళకి తెలియదు. చేత్తో ఇచ్చెయ్. అరటిపండుంటే ఇంకా మంచిది, పైన తొక్కుంటుంది కదా.

నేను తెచ్చుకోకుండా ఏం రాలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, రెండు గుడ్లు, పొగబెట్టిన చేపముక్క, అన్నీ డబ్బాలో సర్దుకున్నాను. బస్సు సీటు మీద పెట్టి దిగిపోయాను. డెబ్బై నాలుగు నాకు. కాళ్ళు దిగాయి గానీ బుర్ర దిగలేదు.

కాఫీ పోసివ్వు, కాఫీకేం పర్లేదు. ఇక్కడే ఈ స్టూలు మీద కూర్చుంటానులే. యేవ్లే దాటాక ఎలాగూ జనం తోసుకొస్తారు, అప్పటిదాకా నీకు మాత్రం ఏం పని.

నాకా? ఎన్నేళ్ళ నుంచి ఉందీ అంటే... లేదమ్మాయ్, నాకేం జబ్బు లేదు. నా కడుపులో మేకులు పోసినా అరుగుతాయి. జబ్బు నా మనవరాలికి. టీరా అని, ఆరేళ్ళది. మా అబ్బాయి హోకన్ కూతురు. ఉప్సాలాలో ఉంటారు.

మరి నేనెందుకు తినడం లేదు అంటావా. ఏడు నెలలైంది నేను రొట్టె ముట్టి. ఎవరూ తినొద్దనలేదు. మా పక్కింటి రూత్ నవ్వుతుంది, నీకు రాని రోగానికి నువ్వు పత్యం చేస్తున్నావేంటే గున్‌బోర్గ్, అని. నవ్వనీ. పిల్ల ఏం తినకూడదో నేనూ అది తినను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు నాకు. అయినా పట్టుకున్నాను.

ఈ ఏడు నెలల్లో ఎన్ని చోట్ల ఆకలితో తిరిగానో చెప్తే నువ్వు నమ్మవు. పెన్షనర్ల సంఘం వాళ్ళు నార్వేకి బస్సు యాత్ర తీసుకెళ్ళారు. ట్రోన్‌హైమ్ దాకా వెళ్ళి రావడం. హోటల్లో ఆ వడ్డించే కుర్రాడు, మీకు ప్రత్యేకంగా చేశామండీ అని పళ్ళెం తెచ్చాడు, చుట్టూ సలాడ్, మధ్యలో బ్రెడ్డు ముక్కలు వేయించి చల్లారు. ఏరి పక్కన పెట్టెయ్యండి, ఏం కాదు అన్నాడు. నా వయసులో సగం కూడా లేదు, ఎంత ధీమాగా అన్నాడో. నేనూ ఒకప్పుడు అచ్చం అలాగే అన్నాను మా కోడలితో. ఏరి పక్కన పెట్టేస్తే ఏమవుతుందే, అని.

హిల్లెవి. మా కోడలు. దక్షిణాన స్కోనె పిల్ల, గోధుమ చేలల్లో పుట్టింది. కూతురికి గోధుమ పడదని తెలిసిన రోజు ఎంత ఏడ్చిందో. నేను మనసులో ఏమనుకున్నానంటే... సరే, చెప్పేస్తున్నాను, అనుకున్నాను కాబట్టి. అది మీ వైపు నుంచి వచ్చిన గింజ, మీ వైపు నుంచే జబ్బు తెచ్చింది అనుకున్నాను. మా కొండల్లో గోధుమ ఎక్కడ పండింది? వేసవి కాస్తా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. మాకు పండేదల్లా బార్లీ. మా అమ్మ బార్లీ తిని బతికింది, మా అమ్మమ్మ కరువులో బార్లీలో చెట్టు బెరడు కలుపుకుని తిని బతికింది. ఒక్కరికి కడుపునొప్పి వచ్చిందని నేను వినలేదు.

నువ్వూ దక్షిణం పిల్లవే కదా, మాట తీరు చూస్తేనే తెలుస్తోంది. అయితే నీకు రొట్టెల ఇల్లు తెలియదు. మా ఊరికంతటికీ ఒకటి ఉంటుంది. మధ్యలో రాతి పొయ్యి, లోపల బిర్చ్ కట్టెలు. శీతాకాలం మొదలయ్యే ముందు ఇంటికి రెండేసి రోజులు వంతు వస్తుంది. ఆ రెండు రోజుల్లో ఏడాదికి సరిపడా రొట్టెలు కాల్చుకోవాలి. ఒకరు పిసకాలి, ఒకరు వత్తాలి, ఒకరు పొయ్యి దగ్గర కర్రతో తిప్పాలి. బల్లంత వెడల్పు రొట్టె, చేత్తో పట్టుకుంటే అవతల మనిషి కనబడేంత పల్చన. పొయ్యి మీంచి తీసిన మొదటి రొట్టె పిల్లలకే. వెన్న రాసి, చుట్ట చుట్టి, చేతికిస్తాం. ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ అలా ఇచ్చారు. హోకన్‌కి నేనే ఇచ్చాను.

అక్టోబరు చివర స్కూళ్ళకి వారం సెలవులిచ్చారు. టీరాని నా దగ్గర దింపి వాళ్ళిద్దరూ ఏదో పెళ్ళికి వెళ్ళారు. నా వంతు సరిగ్గా ఆ వారమే పడింది. పిల్లకోసం వేరే పిండి కొని పంపింది హిల్లెవి, గోధుమ కంకి బొమ్మ మీద అడ్డగీత ఉంటుందే, ఆ పొట్లం. కాల్చాను. నిజం చెప్తున్నాను, దాంతో ముందు కాల్చాను. అది సాగదు, అంటుకోదు, వత్తితే చిరుగుతుంది, పొయ్యిలో వేస్తే ఎండిన మట్టిలా పొడి పొడి అయింది. పొయ్యి చుట్టూ మిగతా పిల్లలంతా వెన్న కారుతుంటే నాక్కుంటూ తింటున్నారు. ఇది ఆ పొడి పట్టుకుని నిలబడింది. నా మనవరాలు. నా పొయ్యి ముందు.

బార్లీతో చేసి పెట్టాను.

అవును, బార్లీలో కూడా ఉంటుంది. నీకు కూడా తెలుసా? ట్రైనింగులో చెప్పారా. బాగుంది. ఒక్క రొట్టె కాదు, నాలుగు రోజులు వరసగా పెట్టాను. పొద్దున వెన్నతో, సాయంత్రం చీజ్‌తో. ఎంత ఇష్టంగా తిన్నదో. మొదటి రోజు కడుపు నొప్పంది, ఎక్కువ తిన్నావులే అన్నాను. మూడో రోజు కక్కుకుంది. చలి అన్నాను. ఐదో రోజు పిల్ల లేచి నిలబడలేకపోయింది. రూత్ వాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చేతికి సూది పెట్టి సీసా కట్టారు. చెయ్యి ఎంతుందని, నా బొటనవేలంత ఉంది.

వాళ్ళు పెళ్ళి బట్టల్లోనే వచ్చారు. హిల్లెవి కాళ్ళకి ఎత్తు చెప్పులు, ఆసుపత్రి నేల మీద టకటకమంటూ పరిగెత్తుకొచ్చింది. డాక్టరు అడిగితే బార్లీ పెట్టానని చెప్పాను. గోధుమ ఒక్కటే అనుకున్నానండీ, బార్లీ కూడా పడదని తెలియదు అన్నాను. హోకన్ నా వైపే మాట్లాడాడు. అమ్మకి తెలియదు హిల్లెవీ, పాతకాలం మనిషి, తెలిస్తే ఎందుకు పెడుతుంది, అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకింకా తెలుస్తోంది.

ఆ తర్వాత ఏడు నెలలు రానివ్వలేదు. క్రిస్మస్‌కి రావొద్దమ్మా అన్నాడు హోకన్, ఈస్టర్‌కి కూడా అదే మాట. హిల్లెవిది తప్పని నేననను. నేనైతే జన్మలో రానిచ్చేదాన్ని కాదు.

మరి ఇప్పుడెందుకు పిలిచారా? అదే చెప్తున్నాను. పిల్ల తినడం లేదు.

అసలు తినడం లేదమ్మాయ్. స్కూల్లో దానికి పేరు రాసి వేరే పళ్ళెం పెడతారు, ముట్టుకోదు. ఇంట్లో వాళ్ళమ్మ వండినా ముట్టుకోదు. అరటిపండు తొక్క తనే వలుచుకుని తింటుంది. ఉడకబెట్టిన గుడ్డు తనే పగలగొట్టుకుంటుంది. అంతే. మూడు కిలోలు తగ్గింది, ఉన్నదే ఇరవై. మనసు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళారు, ఆవిడ బొమ్మలు వేయించింది, పిల్ల నోరు విప్పలేదు. నిన్న హిల్లెవి తనే చేసింది ఫోను. ఏడుస్తోంది. మీ దగ్గరుంటే అల్లరి చేస్తూ తినేది కదా, మీరొచ్చి ఒకసారి కూర్చోండి, జరిగిందేదో జరిగింది, మీరు తెలియక చేశారు, నేనే మరీ కఠినంగా ఉన్నాను, అంది. మా కోడలు నాకు క్షమాపణ చెప్పింది. వింటున్నావా? ఆమె నాకు.

తెలియకనా.

హిల్లెవి నా ఫ్రిజ్‌కి ఒక కాయితం అంటించి వెళ్ళింది తల్లీ. గోధుమ, రై, బార్లీ. మూడే మాటలు, పెద్ద పెద్ద అక్షరాలు. మూడోదాని కింద రెండు గీతలు గీసి, నా వైపు చూసి, ఇది కూడా, అంది. నాకు చదువు వచ్చు. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో చేశాను. తెలుసు నాకు. తెలిసే పెట్టాను. గోధుమ సరే, రై సరే, బార్లీ మాత్రం మనది, మనదెందుకు మన పిల్లకి పడదు, అదీ చూద్దాం అనుకున్నాను. పిల్ల గంతులేస్తూ తింటుంటే వాళ్ళమ్మకి ఫోటో పంపాలనుకున్నాను. చూశావా, అని. అంతే. ఆ ఒక్క మాట అనడం కోసం.

వెళ్ళిపోకు. ఆ పెద్దాయనకి ఏం కావాలో ఇచ్చేసి రా. నేనెక్కడికీ పోను.

ఇచ్చావా? ఇంకొకటుంది. ఇది హోకన్‌కి తెలియదు, రూత్‌కి తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఇన్నాళ్ళూ మింగి కూర్చున్నాను. నువ్వెవరో, నేనెవరో, నీకు చెప్తే పోయిందేముంది.

టీరా అడిగింది. వాళ్ళమ్మ నేర్పింది దానికి, ఎవరు ఏమిచ్చినా ముందు అడగాలని. పుట్టినరోజు పార్టీల్లో, పక్కింట్లో, ఎక్కడైనా అడుగుతుంది. ఆ రొట్టె చేతికిస్తే తీసుకుని, వెన్న వేళ్ళ మీదికి కారుతోంది, అయినా కొరకకుండా, నా మొహంలోకి చూసి, ఇది నేను తినొచ్చా నాన్నమ్మా, అంది. మా వైపు అవుననాలంటే నోరు తెరిచి అనక్కర్లేదు. గాలి ఇలా లోపలికి పీలుస్తాం, చప్పుడొచ్చేలా. అంతే చేశాను. పీల్చాను. పిల్ల కొరికింది. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ పీల్చాను. మూడో రోజు నుంచి అడగలేదు.

ఆసుపత్రిలో హిల్లెవి దాన్ని పట్టుకుని ఊపేసింది. ఎందుకు అడగలేదే, ఎన్నిసార్లు చెప్పాను, అడక్కుండా ఎలా తిన్నావు, అని. పిల్ల మంచం మీంచి నా వైపు చూసింది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను, చేతిలో దాని టోపీ పట్టుకుని. చాలాసేపు చూసింది. నేను టోపీ వైపు చూశాను. మర్చిపోయానమ్మా, అంది.

ఆరేళ్ళ పిల్ల. నన్ను కాచింది.

అడిగినా లాభం లేదని తెలిసిపోయింది దానికి. మనసు డాక్టరుకి ఇదెవరు చెప్తారు? నువ్వు అడిగావు, నేనే అబద్ధమాడాను, నీ తప్పేం లేదు అని వాళ్ళమ్మ ముందు నేనొక్క మాటంటే చాలు, తింటుందేమో. తింటుందనే నా మనసు చెబుతోంది. ఆ తర్వాత ఆ ఇంటి గడప నన్ను మళ్ళీ తొక్కనిస్తారా? హోకన్ నా భుజం మీద చెయ్యి వేస్తాడా?

అనౌన్స్‌మెంట్ వచ్చింది, ఉప్సాలానేనా? దిగాలి. ఆ సంచి కాస్త అందుకో.

ఏం చేస్తారని అడుగుతున్నావు. పాపం, మంచిదానివి, నేనేదో గొప్ప మాట అంటానని చూస్తున్నావు. నా సంగతి నాకు తెలియదా అమ్మాయ్? వెళ్ళగానే చేతులు శుభ్రంగా కడుక్కుంటాను. దాని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాను. తిను తల్లీ, నాన్నమ్మ ఉందిగా, అంటాను.