బూడిదకు గడువు అడిగిన మేడమ్

1989 జూన్ పన్నెండో తేదీన కాంక్రీటు పరీక్షా విభాగంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్ గారు, నేడు అదే విభాగాధిపతిగా పదవీ విరమణ పొందుతున్నారు. ఆమె సాధించినదేదీ వేళకు అందిరాలేదన్న దుఃఖం మాత్రం ఆమెను నేటికీ వీడలేదు. అభినందన సంచికలో ఇటువంటి మాట ఉండవచ్చునా అని అడిగితే, "ఉన్నమాటే కదండీ, ఉంచండి" అన్నారు.

తొలి దశాబ్దమంతా ఆమె క్రమశిక్షణకు పేరుపడ్డారు. ఆమె చేత చీవాట్లు తినని ఉద్యోగి ఈ విభాగంలో లేరు. ఆమె అన్నగారి ఇల్లు విద్యుత్ కేంద్రం వెనుక, బొగ్గు బూడిద పోసే గుట్ట పక్కన ఉండేది. గాలి వీస్తే ఆరేసిన బట్టలు బూడిద పట్టి తెల్లబడేవి, అన్నగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. సిమెంటు కొంత తగ్గించి ఆ మెత్తని బూడిద కలిపితే కాంక్రీటు చిక్కబడి నీటిని చొరనివ్వదనీ, సిమెంటు బట్టీల పొగతోపాటు ఆ గుట్టా తగ్గుతుందనీ ఆమె పట్టుబట్టారు. నాటి నుంచి ఆమె అందరికీ 'బూడిద మేడమ్' అయ్యారు. ఆ మిశ్రమం నెమ్మదిగా బలపడుతుందని, మూడు నెలలు గడువివ్వమని కోరితే, "గోడ ఆగుతుందేమో గానీ, కాంట్రాక్టరు ఆగడు మేడమ్!" అని పై అధికారి నవ్వేశారు.

ఎలాగో ఒప్పించి దిమ్మెలు పోయించారు. వాటిని నీటిలో నానబెట్టి, సగం దిమ్మెలను నెల నిండాక, మిగతా సగాన్ని మూడో నెల నిండాక యంత్రంలో పగలగొట్టి బలం పరీక్షించాలని ఆమె ఉద్దేశం. ఇంతలో అన్నగారు ఆసుపత్రి పాలయ్యారు. ఆమె సెలవు నుంచి తిరిగివచ్చేసరికి దిమ్మెలు నానబెట్టిన నీటితొట్టిలో ఒక్క దిమ్మె కూడా లేదు.

"అన్నీ పగలగొట్టేశారా?"

"నెల నిండింది కదా మేడమ్, ఎప్పుడూ చేసేదేగా" అన్నాడు యంత్రం నడిపే ఉద్యోగి.

నెల తిరగ్గానే దిమ్మెలు పగలగొట్టడం ఈ విభాగపు చిరకాల అలవాటు. లేతగా ఉన్న మిశ్రమం 'విఫలం' అనిపించుకుంది. చీవాట్లకు పేరుపడ్డ ఆమె ఆ రోజు తొట్టి పక్కన కూలబడి ఏడ్చారు.

మళ్లీ అనుమతి రావడానికి రెండేళ్లు పట్టింది. ఈసారి మూడో నెలలో ఆ దిమ్మెలు మామూలు కాంక్రీటును మించాయి. కబురు చెప్పడానికి వెళితే వదినగారు, "మంచిదమ్మా. మీ అన్నయ్య కూడా ఉండుంటే బావుండేది" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది ఆమెను మరీ బాధించింది.

నేడు కాలువలకు, కాలిబాటలకు, బడుల పునాదులకు ఆ మిశ్రమమే వాడుతున్నారు. లారీలు రోజూ బూడిద ఎత్తుకుపోతున్నాయి. విద్యుత్ కేంద్రం రోజూ కొత్త బూడిద పోస్తూనే ఉంది. గుట్ట తగ్గుతున్నది గానీ, చాలా నెమ్మదిగా. విరమణ తరువాత మేడమ్ గారు వదినగారికి తోడుగా ఆ ఇంటికే వెళ్లి ఉండబోతున్నారు. అక్కడి గాలికి చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ, ఆ గుట్ట నేలమట్టమైన రోజున వదినగారితో కలిసి వాకిట్లో కూర్చునేంత ఆయుష్షునూ ఆమెకు మనసారా కోరుకుంటున్నాము. అది చిన్న కోరిక కాదని మాకు తెలుసు.