ఎడమచేతి కత్తెర

విదేశాల్లోని పేదపిల్లలకు పంపే కానుకపెట్టెలు బల్లనిండా ఉన్నాయి. ఒక్కొక్కటీ సరిచూసి మూత వేస్తున్న మేనకోడలు, మేనత్త సర్దిన పెట్టెలోంచి మొన లేని చిన్న కత్తెర తీసి కాగితం మీద పెట్టి చూసింది.

“అత్తా, ఇది తెగడం లేదే.”

“కుడిచేత్తో తెగదు. ఎడమచేతి వాటం వాళ్ళది.”

“ఈ పెట్టె ఏ పిల్లకి వెళ్తుందో మనకు తెలీదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఇది దండగ. తీసేస్తున్నా.”

“తియ్యకు. పదో పిల్ల ఉంది కదా.”

“పంతానికి పోకు. అయినా నువ్వు కుడిచేతి దర్జీవి. నీ దగ్గర ఇదెందుకుంది?”

“నీ చిన్నప్పుడు నీకోసమే కొన్నా. కొనుక్కొచ్చేసరికి బళ్ళో నీ ఎడమచేతికి గుడ్డ కట్టి, కుడిచేత్తో రాయిస్తున్నారు. మీ నాన్న కూడా సరేనన్నాడు. ఇంక ఇవ్వబుద్ధి కాలేదు.”

ఆ గుడ్డముడి మేనకోడలికి ఇంకా గుర్తుంది. కత్తెరను ఎడమచేతిలోకి మార్చుకుని, అదే కాగితం మీద పెట్టింది. మెత్తగా తెగుతూ పోయింది. కాగితం చివరిదాకా ఆపలేదు.

“అత్తా, ఇది ఆ తొమ్మిదిమందిలో ఒకదానికి వెళ్తే?”

“తెగకపోతే ఊరుకుంటుందా? పక్కపిల్లకిచ్చి నువ్వు చూడవే అంటుంది. అలా చేతులు మారి మారి పదోదాన్ని చేరుతుంది. దాని చేతిలో తెగుతుంటే అందరూ చుట్టూ మూగి చూస్తారు. పుర్రచెయ్యి అని ఏడిపించినవాళ్ళు కూడా.”

మేనకోడలు ఆ కత్తెరను జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది.

“మూత వేసెయ్యనా?” అంది మేనత్త.

“ఆగు, మామూలుది కూడా ఒకటి పెడతా. కుడిచేతివాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు?”