సోమవారం కార్డు

ఎవరూ, గుండీలక్క గురించా అడుగుతున్నావు? మత్తుమందు కేసులో జైలుకెళ్లొచ్చిన మనిషిని పనిలో పెట్టుకోవాలా వద్దా అని నీకిప్పుడు వచ్చిన సందేహం, ఈ మేనత్తకి ముప్పయ్యేళ్ల కిందటే వచ్చిందే అమ్మాయీ. అప్పుడు మీ బట్టల ఫ్యాక్టరీలో నేనే సూపర్‌వైజర్ని. నువ్వు కూర్చునే కుర్చీయే, అప్పుడు దానికి చేతులుండేవి కావు, అంతే. ఆవిడ మన దగ్గర చొక్కాలకి గుండీలు కుట్టేది, అందుకే ఆ పేరు. మత్తుమందు పొట్లాలు మొగుడివి, సంచి ఈవిడది. ఆయనగారు పారిపోయాడు, సంచి దొరికింది. మగాడు జైలునుంచి వస్తే "పోనీలే, బుద్ధొచ్చి ఉంటుంది" అంటారు. ఆడది వస్తే మంచినీళ్ల గ్లాసు కూడా వేరే పెడతారు. మనవాళ్లూ పెట్టారు, నేనే తీయించాను. ఏం చెబుతున్నానూ? ఆఁ, సంతకం. ఆవిడ్ని జైలునుంచి వదిలేటప్పుడు షరతులు పెట్టారు: ఏడాదిపాటు ఒకేచోట మానకుండా పనిచేయాలి, ప్రతి సోమవారం పదింటికి స్టేషన్లో సంతకం పెట్టాలి. ఏది తప్పినా మళ్లీ లోపలికే. మన షిఫ్టేమో తొమ్మిదింటికి! ఎలా కుదురుతుందయ్యా అని నేనే వెళ్లి అడిగితే, "రూలమ్మా, నేను రాశానా ఏంటి?" అన్నాడు ఆఫీసరు. మళ్లీ తప్పుదోవ పట్టకుండా కాపాడే రూలట! అప్పటికే అది ఆవిడవి రెండు ఉద్యోగాలు మింగింది, ఇక ఇదే ఆఖరి అవకాశమన్నారు.

మనకేమో నెలకి ఒక్క పూటే సెలవు. సరే, నేనో తెలివైన పని చేశాను. సోమవారాలు ఆవిడ హాజరు కార్డు నేనే మెషీన్లో కొట్టేదాన్ని. "వద్దక్కా, యజమానికే చెప్పి చూద్దాం" అంది. "ఆయన్ని నువ్వెరగవు, నోర్మూసుకుని వెళ్లిరా" అన్నాను. పది నెలలు అలా గడిచాయి. పరుగెత్తుకొచ్చి, మధ్యాహ్నం తిండి మానేసి మరీ మిగతా చొక్కాలు పూర్తిచేసేది పిచ్చిది. ఓ సోమవారం యజమాని ఊడిపడ్డాడు. కార్డుంది, మనిషి లేదు. ఆవిడ రాగానే అందరి ముందూ "ఎవరు కొట్టారిది?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నావైపు కన్నెత్తి చూడలేదే ఆవిడ. "నేనే సార్, పొద్దున్నే కొట్టి వెళ్లాను" అంది. "జైలు చూసొచ్చినా బుద్ధి మారలేదన్నమాట!" అన్నాడు. సాయంత్రానికల్లా పని పోయింది. వారం తిరక్కుండా మొగుడి స్నేహితుడొకడు వెతుక్కుంటూ వచ్చి పనిచ్చాడు, అదే, పొట్లాలు మోసే పని. వాడు ఏ కార్డూ అడగలేదు మరి. నెలకే దొరికిపోయింది. ఈసారి బయటికి రాలేదు, జ్వరమొచ్చి లోపలే పోయిందన్నారు.

నీ దగ్గరికొచ్చిన ఆ పిల్లని తీసుకో. ముందు ఆ సంతకం వేళ మార్పించు, కాగితంమీద రాయించు. చాటుమాటు జాలి మాత్రం చూపించకు. అది బయటపడితే నీకేం కాదు, ఆ పిల్లకే... ఏమిటీ? ఆ రోజు యజమాని ముందు నేనేమన్నాననా?

ఆ కిటికీ వేసెయ్యవే. ఒకటే దుమ్ము.