అత్తంత ఇసుక

"అత్తమ్మా, మూలకున్న గీ ఇసుక సంచి పారబొయ్యనా?"

ఆగు పిల్లా, పారబొయ్యకు! అది మా అత్త.

నవ్వుతున్నవా? నవ్వు. నాకూ నవ్వాగుతలేదు. అత్తంటె, అత్తంత బరువన్నట్టు. కూసో, జెప్త.

రజాకార్ల కాలం. నువ్వప్పటికి గీ ఇంటికి రాలే. నీ మామ దళంల వొయ్యిండు, నీ మొగడు ఆయనెంబడే. ఇంట్ల నేను, మా అత్త. ఆమెకు కాళ్లు వడిపొయ్యినై. జీపు మోత ఇనవడితె ఊరంత గుట్టెక్కాలె. మరి అత్తనెవలెత్తుకోవాలె?

"నన్నిడిశిపెట్టి ఉరుకు" అన్నది.

"నోరు మూసుకో అత్తా" అన్న. గంత మాట ఆమెనెన్నడనలే.

వీపు మీదేసుకొని సూసిన. నాలుగడుగులు. ఇద్దరం వొయ్యి పెంటకుప్ప మీద వడ్డం.

అప్పుడు అత్త బరువెంతో తూద్దామని రోలు మీద వాసం అడ్డంబెట్టిన. ఒక కొసకు అత్త, ఒక కొసకు సంచి. ఇసుక పోస్త వోతె అత్త గాల్లెకు లేశింది! "దించవే దొంగముండా, కండ్లు తిరుగుతున్నై!" వాడకట్టంత నవ్వుడే.

సగం ఇసుక తీసి, మిగిలింది వీపుకు కట్టుకొని, మోసుడు అలవాటు కావాలెనని గుట్టెక్కుడు మొదలువెట్టిన. మూడు దినాలకే ఉషారెక్కింది. ఒక్కపారే మానికెడు పోసిన. నడుం పట్టేసింది సూడు! నేనో మంచంల, అత్తో మంచంల.

"ఇప్పుడు జీపొస్తె ఎవలనెవలు మోస్తమే?" అన్నది.

నవ్విన. నవ్వితె నడుం కలుక్కుమన్నది. గప్పుడే భయమైంది.

అప్పటిసంది సోలెడే. మానికల నాలుగో వంతు. నకిరేకల్ అంగట్ల ఆరణాలకు కొన్న ఇత్తడి సోల... కాదు కాదు, మా నాయినవెట్టింది. మూడు దినాలు అదే బరువు. మోకాళ్లు వణకకుంటెనే నాలుగోనాడు సోలెడు. వణికితె లేదు. ఎంత భయమున్నా లేదు.

అత్తేమో బువ్వ తగ్గిచ్చింది. నాకు అల్కగుండాలెనని! "తిను అత్తా, నువ్వు సోలెడు తగ్గితె నా లెక్కంత ఖరాబైతది" అని కొట్లాడిన. తొలకరికి సంచి నిండింది.

వచ్చింది జీపు. పొద్దుగాల్నే. ఎత్తుకున్న.

అయితె పిల్లా, సంచి కదలదు. అత్త కదుల్తది! నా కొప్పు పట్టుకొని "ఎడమకు, ఎడమకు" అని ఎద్దును తోలినట్టు తోలింది. సగం గుట్టకు నా వీపుల కొక్కొక్కొ అన్నది. అత్త కొంగుల కోడి! ఇంకేదో గట్టిగ గుచ్చుతాంది. గంత భయంలనూ నవ్వొచ్చింది నాకు. మోకాళ్లు మాత్రం వణకలే.

మీదికెక్కినంక సూస్తె ఇత్తడి సోల.

"గిదెందుకత్తా?"

"మళ్ల రేపు మోసుడువడితె? దేన్తోని కొలుస్తవే?"

కిందికి సూడలే నేను. పొగ వాసనొచ్చింది.

...

ఇల్లు కాలింది. సంచి కాలింది. ఇసుక కాలదు గద. కొత్త సంచిల ఎత్తిన. మిల్ట్రీ వచ్చి పోలీసు యాక్షనైనంక, అత్త మంచంల కూసోనే, కడుపునిండ తినే వొయ్యింది.

 

ఉండనీ సంచి. నువ్వు మొయ్యకు, నన్ను మోసే దినం నీకు రావొద్దు బిడ్డా. నీ వీపు మీదికి నీ పిల్లలే ఎక్కాలె, ఆటకు. వాళ్లైతె నువ్వు కొలిచే పనిలేదు... సోలెడు సోలెడే పెరుగుతరు.